కుట్టు మిషన్లు ఇచ్చాం, కుట్టించుకునేవారు ఉన్నారా?

మన సంఘాల్లో ఏటా కనిపించే దృశ్యం ఇది. మందిరం పక్క హాలులో ఆరు నెలల టైలరింగ్ శిక్షణ పూర్తవుతుంది. ముగింపు కూడికకు పెద్దలు వస్తారు. ఇరవైమంది అక్కచెల్లెళ్లకు సర్టిఫికెట్లు, వారిలో కొందరికి కుట్టు మిషన్లు ఇస్తారు. ఫొటో దిగి, ప్రార్థనతో ముగిస్తారు. మరుసటి ఏడు అదే హాలులో ఇంకో ఇరవైమంది చేరతారు. మొదటి ఇరవైమంది ఏమయ్యారని అడిగితే జవాబు చెప్పగలిగే సంఘాలు తక్కువ. కొన్ని ఇళ్లలో ఆ మిషన్ మీద ఉతికిన బట్టలు మడతపెట్టి ఉండటం మేమూ చూశాం.

ఎవరినీ తప్పుపట్టాలని ఈ మాట అనడం లేదు. ఆ శిక్షణ వెనుక ప్రేమ ఉంది, పేద విశ్వాసుల కానుకలు ఉన్నాయి. వేసుకోని ప్రశ్న మాత్రం ఒకటి ఉంది. ఈ పని నేర్చుకున్నవారిని పిలిచి పని ఇచ్చేది ఎవరు? మనమే కాదు, వేల కోట్లు ఖర్చుపెట్టే ప్రభుత్వాలు కూడా ఈ ప్రశ్న దగ్గరే తడబడుతున్నాయి.

కేంద్ర ప్రభుత్వం 2015 జూలైలో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదలుపెట్టింది. ఇప్పటిదాకా దాని కింద ఒకటిన్నర కోట్లమందికి పైగా శిక్షణ పొందారు. మొదటి మూడు దశల్లో, అంటే 2021-22 వరకు, స్వల్పకాలిక శిక్షణ పొందినవారిలో ఎందరికి ఉద్యోగం దొరికిందో లెక్క తీశారు. సర్టిఫికెట్ అందుకున్నవారిలో సగంమందికి కూడా దొరకలేదు. నాలుగో దశకు వచ్చేసరికి ఆ లెక్క తీయడమే పక్కనపెట్టారు. శిక్షణ పొందినవారు తమకు నచ్చిన దారి ఎంచుకునేలా చేయడమే లక్ష్యమన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ దారి దొరికిందో లేదో చూడనివారు దారి చూపించామని ఎలా చెప్పగలరు?

పీఎం ఇంటర్న్‌షిప్ పథకం ఇంకో పాఠం చెబుతుంది. పేరున్న పెద్ద కంపెనీల్లో ఏడాదిపాటు పని నేర్చుకునే అవకాశం, నెలకు 5,000 రూపాయల భృతి మొదలుపెట్టినప్పుడు దీని ఉద్దేశం. 2024 అక్టోబరులో మొదలైన తొలి విడతలో కంపెనీలు 1.27 లక్షల అవకాశాలు చూపించాయి. అభ్యర్థులకు 82 వేలకు పైగా ఆఫర్లు ఇచ్చాయి. ఒప్పుకున్నవారు మాత్రం 28 వేల చిల్లర. దూరం, ఏడాది కాలవ్యవధి, తమకు ఆసక్తి లేని పని ముఖ్య కారణాలుగా తేలాయి. మన పిల్లలు సోమరులైపోయారని నిట్టూర్చేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఊరు వదిలి వేరే పట్నంలో ఉండాల్సిన కుర్రవాడికి 5,000 రూపాయలు గది అద్దెకు సరిపోతాయా, భోజనానికా?

యజమానుల మాట కూడా వినాలి. పని తెలిసినవారు దొరకడం లేదని వారు చెప్పేది అబద్ధం కాదు. 2022-23 కార్మిక సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 29 ఏళ్ల యువతలో పద్ధతి ప్రకారం వృత్తి శిక్షణ పొందినవారు 4.4 శాతమే. మిగిలినవారు ఎక్కువగా తండ్రి దగ్గరో మేస్త్రీ దగ్గరో చూసి నేర్చుకున్నవారు, లేదా ఏమీ నేర్చుకోనివారు. ఒకవైపు ఖాళీ ఉద్యోగాలు, మరోవైపు ఖాళీ చేతులు. మధ్యలో వంతెన కట్టవలసిన శిక్షణ కేంద్రం ఇరుపక్షాలనూ అడగకుండానే పాఠం మొదలుపెడుతోంది.

ఈ తగాదాలో మనం మరచిపోయే సంగతి జీతం. వెల్డర్లు దొరకడం లేదని ఒక యజమాని అంటే, ఏ జీతానికి దొరకడం లేదని అడగాలి. నెలకు 12,000 ఇస్తూ, హాస్టలుకు 5,000, బస్సుకు 1,000 పోయే చోట, ఇంటికి పంపడానికి మిగిలేదెంత? అలాంటి ఉద్యోగాన్ని మూడో నెలలో వదిలి వచ్చిన అమ్మాయికి నైపుణ్యం లేదనడం న్యాయం కాదు. ఆమెకు లెక్క బాగానే వచ్చు.

నిజం ముందే చెబితే ఏమవుతుందో ఒక అధ్యయనం చూపించింది. గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద బీహార్, జార్ఖండ్ కేంద్రాల్లో కొన్ని బృందాలకు అదనంగా రెండు సమావేశాలు పెట్టారు. శిక్షణ తర్వాత వచ్చే ఉద్యోగం ఏమిటో, ఎక్కడో, జీతం ఎంతో వివరంగా చెప్పారు. ఎక్కువ ఆశ పెట్టుకున్న కొందరు ముందే తప్పుకున్నారు. మొత్తం మీద ఆ బృందాల్లోనివారు, ఆ సమాచారం అందనివారికంటే, వచ్చిన ఉద్యోగంలో నిలబడే అవకాశం సుమారు 18 శాతం ఎక్కువగా కనిపించింది. దీనికి కొత్త భవనం గానీ యంత్రం గానీ అవసరం రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం చాలింది.

మన రాష్ట్రాలకు ఈ విషయం కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణాభివృద్ధి శాఖ కింద 2005లో ఏర్పడిన ఉపాధి కల్పన మిషన్, ముందు మార్కెట్ చూసి తర్వాత శిక్షణ పెట్టాలనే పద్ధతిని నడిపింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్య గణన చేపట్టారు. 2024 జూన్‌లో ముఖ్యమంత్రి పెట్టిన తొలి ఐదు సంతకాల్లో అదీ ఒకటి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని పెట్టుకున్నారు. యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ స్థాపించారు. ఇవి మంచి అడుగులే. అయితే గణన ఉద్యోగం వెతుక్కునేవారితో ఆగిపోకూడదు. యజమానులకు ఏ పనికి ఎందరు కావాలో, ఎంత ఇస్తారో కూడా అదే పుస్తకంలో ఎక్కాలి. కొత్త యంత్రాలకు తగ్గ బోధకులు ఉండాలి.

క్రైస్తవులమైన మనకు ఈ విషయంలో సొంత చరిత్రే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. ఆ నైపుణ్యం తరతరాలుగా నిలిచింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ 1980ల నాటికే మరియా మీస్ అనే పరిశోధకురాలు అక్కడి స్త్రీల బతుకును గ్రంథస్థం చేశారు. లేసు విదేశాలకు వెళ్లింది, వర్తకులు లాభపడ్డారు. అల్లినవారిని మాత్రం తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కవేసి అతి తక్కువ కూలి ఇచ్చారు. చేతికి పని నేర్పినంత మాత్రాన చేతికి డబ్బు రాదు. ధర నిర్ణయించేది ఎవరన్నది కూడా శిక్షణలో భాగమే.

అయితే సంఘం ఏం చేయాలి? మా మనసులో ఉన్న మాటలు కొన్ని చెబుతాం.

మొదటిది, శిక్షణకు ముందు విచారణ. చుట్టుపక్కల పదిమంది యజమానులను కలవండి. ఆసుపత్రి, గార్మెంట్ యూనిట్, ఏసీ రిపేరు దుకాణం, కోల్డ్ స్టోరేజీ, ఏదైనా సరే. మీకు ఎవరు కావాలి, ఎంత ఇస్తారు, పోయిన ఏడు చేరినవారు ఎందుకు మానేశారు అని అడగండి. తర్వాత సంఘంలోని యౌవనస్థుల దగ్గర కూర్చుని, ఎంత దూరం వెళ్లగలరు, రాత్రి షిఫ్టు చేయగలరా, ఇంట్లో ఎవరిని చూసుకోవాలి అని అడగండి. ఈ రెండు జవాబులు కలిసిన చోటే తరగతి మొదలుపెట్టండి. టైలరింగే సరైనదని తేలితే టైలరింగే నేర్పండి.

రెండోది, అప్రెంటిస్‌షిప్. 1961 అప్రెంటిస్ చట్టం, దాని నియమాల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ప్రోత్సాహక పథకం కింద భృతిలో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. మన విశ్వాసుల్లో ఫ్యాక్టరీలు, వ్యాపారాలు నడిపేవారు ఉన్నారు. వారు ఈ నియమం పాటిస్తున్నారా? పని చేస్తూ నేర్చుకున్నవారికి ఆ పని ఎవరికి కావాలో వెతుక్కునే బాధ తక్కువ.

మూడోది, కాగితాలు. దళిత క్రైస్తవ కుటుంబాల పిల్లలు బీసీ-సి సర్టిఫికెట్‌తో వెళ్లినప్పుడు ఏ పథకంలో ఏ కోటా కిందికి వస్తారో చాలామందికి తెలియదు. చివరి తేదీన కౌంటరు దగ్గర తెలుసుకుని తిరిగొస్తున్నారు. ఈ సంగతులు తెలిసిన ఉద్యోగులు ప్రతి సంఘంలో ఒకరిద్దరైనా ఉంటారు. ఆదివారం ఆరాధన తర్వాత ఒక గంట వారు కూర్చుంటే అదే పెద్ద పరిచర్య.

నాలుగోది, వెంట నిలవడం. ఉద్యోగం మానేసేవారిలో చాలామంది మొదటి నెలల్లోనే మానేస్తారు. మొదటి జీతం వచ్చేదాకా గది అద్దె, కొత్త ఊళ్లో తెలిసిన మనిషి, అమ్మాయిలకు భద్రమైన హాస్టల్ ఉంటే చాలామంది నిలబడతారు. పల్లె సంఘం కాపరి హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్న సంఘానికి ఒక ఫోన్ చేస్తే అయ్యే సహాయం ఇది.

ఇక యజమానులైన మన సహోదరులకు ఒక మాట. పనివారు నిలబడటం లేదని బాధపడే ముందు పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నామా, స్త్రీలకు మరుగుదొడ్డి ఉందా, చీకటి పడ్డాక ఇంటికి చేరే ఏర్పాటు ఉందా అని చూసుకోవాలి. ద్రాక్షతోట ఉపమానంలో సాయంత్రం దాకా సంత వీధిలో నిలబడినవారు పని చేతగానివారు కారు, ఎవరూ పిలవనివారు. వారిని పిలిచిన యజమాని ఆ పూట గడిచేంత కూలి కూడా ఇచ్చాడు.

వచ్చే ఏడు ముగింపు కూడికకు అతిథుల జాబితా రాసేటప్పుడు ఒక చిన్న మార్పు చేద్దాం. పోయిన ఏడు సర్టిఫికెట్ అందుకున్న ఇరవైమందినీ పిలుద్దాం. వేదిక మీద పెద్దల కంటే ముందు వారిని మాట్లాడనిద్దాం. ఎందరికి పని దొరికింది, ఎంత వస్తోంది, ఎందుకు మానేశారు అన్నది వారి నోటనే విందాం. వినడానికి ఇబ్బందిగా ఉన్నా సరే, మన తర్వాతి శిక్షణ ఏమిటో ఆ మాటలే నిర్ణయించాలి.