‘ఉభయకుశలోపరి’ తరువాత

పాతకాలపు తెలుగు ఉత్తరాలు విప్పి చూస్తే తరచుగా కనబడే మొదటి మాట ‘ఉభయకుశలోపరి’. ఇక్కడ మేము, అక్కడ మీరు కుశలమే, ఆ పైన వ్రాయునది ఏమనగా అని దాని తాత్పర్యం. ఉర్దూలో వ్రాసుకునే ఇండ్లలోను ఇదే తీరు. ఇక్కడ ఖైరియత్, మీ ఖైరియత్ కొరకు భగవంతుని వేడుకుంటున్నాము అన్న తరువాతనే అసలు సంగతి మొదలయ్యేది. రెండు భాషలలోను ఈ మాట ఉత్తరానికి ద్వారబంధం వంటిది. దానిని దాటి ఇంటిలోపలికి నడిచిన ఉత్తరాలు కొన్ని, అక్కడే నిలబడి పలుకరించి వెళ్ళిపోయినవి కొన్ని. దినమునకు నాలుగు పర్యాయములు సెల్‌ఫోనులో మాట్లాడుకొంటున్న మనము నేడు ఆ ద్వారబంధం దగ్గరనే ఆగిపోతున్నామని నా అభిప్రాయం. విద్యార్థి సోదరీ సోదరులు, కళాశాల కమిటీ పెద్దలు దీనిని కొంచెం ఆలోచించవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మన చీపురుపల్లి వంటి ఊళ్ళకు ఇంటి కబురు కాలక్షేపం కాదు. హౌరా నుండి మద్రాసు పోయే రైలుమార్గం మన ఊరిమీదుగానే పోతున్నది. ఆ దారిన మన జిల్లాలవారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపునకు పోయినారు, కలకత్తా వైపు జనపనార మిల్లులకు పోయినారు, తరువాతి కాలంలో భిలాయి ఉక్కు కర్మాగారానికి పోయినారు. ఖరగ్‌పూర్‌లో నేటికీ తెలుగువారి పేటలు ఉన్నవి. అంతకు ముందే ఓడలెక్కి రంగూన్ వెళ్ళినవారు ఉన్నారు. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరే పడిపోయింది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినవి. 1942లో లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశం దారి పట్టినారు. ఆ నెలలలో బర్మా మీద ఆధారపడిన ఇండ్లవారు ఉత్తరంలో ఏమున్నదని చూడలేదు. ఉత్తరం వచ్చినదా లేదా అన్నదే అప్పుడు వార్త.

ఉత్తరం ఎంత దూరం లోపలికి నడుస్తుందన్నది కొంతవరకు కాగితం మీద కూడా ఆధారపడినదే. మన దేశంలో పోస్టుకార్డు 1879లో వచ్చింది. చౌక, కాని బట్టబయలు. తపాలా బంట్రోతు చదువుతాడు, అరుగుమీది పెద్దమనిషి చదువుతాడు, చదివి పెట్టుమని ఎవరినైతే అడిగినారో వారు గొంతెత్తి చదువుతారు. ఇంటి అప్పు, కోడలి అలుక, అల్లుడి తాగుడు కార్డుమీద ఎవరు వ్రాస్తారు? కనుక కార్డులో అందరూ క్షేమమే. 1950లో ఇన్‌లాండు కవరు వచ్చిన తరువాత సామాన్యునికి చౌకలోనే కొంత చాటు దొరికింది. మూడు మడతలు నిండగా అంచులవెంట నిలువుగా వ్రాసి, అతికించే రెక్క మీద ఇంటి చిన్నపిల్లచేత ‘మామయ్యకు నమస్కారములు’ అని వ్రాయించేవారు. కవరు చించేటప్పుడు ఆ నమస్కారం సగం చినిగిపోవడం పరిపాటి.

అన్నిటికంటె క్లుప్తమైన ఇంటి ఉత్తరం మనియార్డరు ఫారం అడుగున ఉండేది. డబ్బు పంపినవాడు సమాచారం వ్రాసుకొనుటకు అక్కడ చిన్న జాగా ఉండేది. ఇంత వడ్డీకి, ఇంత అమ్మ మందులకు, మిగిలినది పిల్ల పుస్తకాలకు అని మూడు పంక్తులు. అందులో ‘ఉభయకుశలోపరి’కి చోటే లేదు. నేరుగా పనిలోకి దిగవలసినదే. డబ్బు అందుకొన్నవారు సంతకమో, వేలిముద్రో వేసిన రసీదు ముక్క తిరిగి పంపినవానికి చేరేది. అక్షరం రాని తల్లి వేలిముద్ర అలా ఏ ఖరగ్‌పూరుకో, భిలాయికో ప్రయాణం చేసేది. ఆమె బ్రదికి ఉన్నదని, డబ్బు ఆమె చేతికే అందినదని కొడుక్కు సాక్ష్యం అదే. ఆ రసీదులను చెక్కపెట్టెలో దాచుకొన్నవారిని నేను ఎరుగుదును. వారిని ఎవరైనా నవ్వితే నాకు కోపం వస్తుంది.

మంచి ఇంటి ఉత్తరంలో ఏముంటుంది? ఉభాలు అయినాయా, వాన ఆగినదా, చోళ్ళు ఎన్ని కుంచాలు వచ్చినవి, గోగునార ఏ ధరకు పోయింది, ఆవు ఈనిందా, పెరటి గోడ పడిందా, పెద్దమ్మ మోకాలి నొప్పి ఎలా ఉన్నది, ఫూఫీ కూతురికి సంబంధం కుదిరిందా, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఎవరెవరు విజయనగరం వచ్చినారు. ఇవన్నీ చిన్న విషయాలని తోస్తుంది. కాని వ్రాయడానికి కూర్చున్నవాడు ముందుగా తన ఇంటిని తాను చూడవలసి వస్తుంది. గోడ పడినదని వ్రాయవలెనంటే గోడవైపు చూసి ఉండవలెను. దూరాన ఉన్నవాడు ఆ ఉత్తరం చదివి పడిన గోడకు ఎంత పంపవలెనో లెక్కవేసుకొంటాడు.

ఉర్దూ చదివే విద్యార్థులకు మీర్జా గాలిబ్ కవిగా పరిచయమే. ఆయన ఉత్తరాలను కూడా చదువుమని నా మనవి. పెద్ద పెద్ద బిరుదులతో సంబోధించి గౌరవ వాక్యాలతో పుట నింపే ఆనాటి సంప్రదాయాన్ని ఆయన ప్రక్కకు నెట్టి, ఎదుట కూర్చున్నవానితో మాట్లాడినట్లు వ్రాసినాడు. 1857 తరువాత ఢిల్లీలో ఎవరు మిగిలినారు, ఏ వీధి పాడుబడింది, తనకు రావలసిన పింఛను సంగతి ఏమైంది అన్నవన్నీ ఆ ఉత్తరాలలో ఉన్నవి. ‘ఊదె హిందీ’ 1868లోను, ‘ఉర్దూ ఎ ముఅల్లా’ 1869లోను అచ్చయినవి. అవి ఉర్దూ వచనానికే ఒక దారి చూపినవి. మన తెలుగులోను వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు గార్లు ఈ ఉత్తరాంధ్రవారే. గ్రాంథికం కావలెనన్న పండితులు సైతం ఇంటికి జాబు వ్రాసేటప్పుడు ఏ భాషలో వ్రాసేవారో కొంచెం ఊహించి చూడండి.

ఉత్తరాల కాలమంతా స్వర్ణయుగమని నేను అనను. ఆ కాలంలో ఇంటి కబురు చాలావరకు మగవారి చేతిలో ఉండేది. చదువు రాని ఇల్లాలు తన భర్తకు చెప్పదలచిన మాటను మరిదికో, బడి పంతులుకో చెప్పి వ్రాయించుకోవలెను. వారి ఎదుట చెప్పగలిగినంతే ఉత్తరంలోకి ఎక్కేది. చెప్పలేనిది ఆమె కడుపులో ఉండిపోయేది. అటునుండి వచ్చిన జాబును కూడా మరొకరి నోటనే వినవలెను. సెల్‌ఫోను ఈ అన్యాయాన్ని తీర్చింది. నేడు ఆమె తలుపు వేసుకొని తన మాట తాను చెప్పుకోగలదు, వాట్సాప్‌లో గొంతు పంపగలదు, మనుమని ముఖం చూడగలదు. టెలిగ్రాం వచ్చిందనగానే విప్పకముందే ఏడ్పు మొదలయ్యే రోజులు 2013 జూలైలో టెలిగ్రాం సేవతోపాటు ముగిసినవి. వాటికోసం ఎవరూ విచారించనక్కరలేదు.

అయితే ఫోనులో మనము ఏమి మాట్లాడుకొంటున్నాము? తిన్నావా, తిన్నాను. ఏం కూర? పప్పు. ఒంట్లో బాగున్నదా, బాగున్నది. సరే, ఉంటాను. రేపు మళ్ళీ ఇదే. ప్రేమ లేదని కాదు, ప్రేమ ఉన్నది కనుకనే రోజూ పలుకుతున్నారు. కాని గల్ఫులో రెండు నెలలుగా జీతం అందనివాడు ‘బాగున్నాను’ అంటాడు. ఆ మాట నమ్మి ఇక్కడ ఇంటివారు చెల్లెలి పెండ్లికి అప్పు చేస్తారు. హాస్టలులో ఉన్న పిల్లవాడు రెండు పేపర్లు పోయినవని చెప్పడు. ఇంటిలో తండ్రికి చక్కెరవ్యాధి ముదిరినదని, పరీక్షల ముందు ఎందుకులే అని, తల్లి చెప్పదు. ఒకరినొకరు కాపాడుకొంటున్నామని ఇద్దరూ అనుకొంటారు. ఉత్తరం అబద్ధమాడదా? ఆడుతుంది, ఎంతో అందంగా ఆడుతుంది. అయినా రెండు పుటలు నింపవలసినవాడు క్షేమమన్న ఒక్క మాటతో నింపలేడు. ఎక్కడో ఒకచోట నిజం జారిపడుతుంది. ఆ కాగితం మరునాడు మళ్ళీ చదువుకొనుటకు ఉంటుంది. అప్పుడు తల్లికి అనుమానం తగులుతుంది.

ఫోను ఎల్లకాలం పలుకుతుందన్న భరోసా కూడా లేదు. 2018 నవంబరులో గుజరాతు తీరాన వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాను అధికారులు పట్టుకొన్నారు. వారిలో ఇరవైమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి తిరిగివచ్చినారు. ఏడాదికి పైగా వారి ఇండ్లలో రోజువారీ ‘తిన్నావా’ లేదు. అంతకుముందు మాట్లాడుకొన్న మాటలలో మళ్ళీ చదువుకొనుటకు ఒక పంక్తి కూడా లేదు.

కనుక విద్యార్థులకు నా మనవి ఇది. రోజూ ఫోను చేయండి. నెలకు ఒకసారి మాత్రం కూర్చొని ఒక పూర్తి జాబు వ్రాయండి. ఎంత ఖర్చయింది, ఏ పాఠం బుర్రకెక్కలేదు, ఎవరితో పడలేదు, జ్వరం ఎన్నాళ్ళు ఉన్నది, అన్నీ వ్రాయండి. తపాలాలో వేస్తారో, ఫోటో తీసి పంపుతారో మీ ఇష్టం. జవాబు కూడా అలాగే కావలెనని అడగండి.

కమిటీ పెద్దలతో మరొక మాట. మన రెండు భాషల ఇండ్లలో ఒక చిక్కు ఉన్నది. దాదీ ఉర్దూ చదువగలదు, తెలుగు చదువలేదు. మనుమరాలు తెలుగు బడిలోనో, ఇంగ్లీషు బడిలోనో చదివి ఇంట ఉర్దూ మాట్లాడుతుందే కాని ఆ లిపి కూడబలుకుకొనలేదు. తాతగారి ఉత్తరాలు ట్రంకుపెట్టెలో ఉన్నవి. చదువగల కన్నులకు శుక్లాలు వచ్చినవి, చూపున్న కన్నులకు అక్షరాలు రావు. దాదీ ఉన్నంతవరకే ఆ ఉత్తరాలకు అర్థం. తెలుగు ఇండ్లలో కూడా గొలుసుకట్టు వ్రాత చదువగలవారు తరిగిపోతున్నారు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం స్థాపించి తెలుగు కథలకు ఒక ఇల్లు కట్టినారు. ఇంటి ఉత్తరాలకు అంత పెద్ద ఇల్లు అక్కరలేదు. కళాశాలలో ఒక బీరువా చాలు, నెలకు ఒక మధ్యాహ్నం చాలు. ఉర్దూ, తెలుగు ఉపన్యాసకులు ఇద్దరూ ఉన్న కళాశాలకు ఇది భారమైన పని కాదు. విద్యార్థి తన ఇంటి నుండి ఒక ఉత్తరం తేవలెను, పెద్దలచేత చదివించుకొని రెండు లిపులలోను శుభ్రప్రతి వ్రాయవలెను, ఇంటివారు ఒప్పుకొన్నవి పేర్లు తీసివేసి ఈ వార్షిక సంచికలో వేయవచ్చును. ఒప్పుకొననివి తిరిగి పెట్టెలోనికి పోవలెను. అందులో బలవంతం తగదు.

ఈ పని చేయబూనినవారు ఉత్తరాలను ప్లాస్టిక్ పూతలు వేయించి పాడుచేయవద్దు. చెమ్మ తగలని చోట మడతలు విప్పి ఉంచితే చాలు. పాత కవర్లు పారవేయవద్దు. లోపల తేదీ వేసే అలవాటు చాలామందికి లేదు, ఏ ఊరినుండి ఏనాడు వచ్చినదో కవరు మీది తపాలాముద్రయే చెప్పవలెను. చదివేటప్పుడు పెద్దలను మొదట అడుగవలసినది ఉత్తరం వ్రాసినది ఎవరని కాదు, అందులో ‘వాడు’, ‘ఆవిడ’, ‘ఆ సంగతి’ అని ఉన్నచోటనెల్ల అది ఎవరు, ఏమి అని. ఆ వివరం కాగితం మీద లేదు.