సముద్రపు ఒడ్డున పరచిన బల్ల

వేసవి సెలవులు వచ్చాయంటే ఆదివారం ఆరాధనలో బెంచీలు కాస్త ఖాళీగా కనబడతాయి. పిల్లల పరీక్షలు అయిపోతాయి, కుటుంబాలు ఊళ్లకు బయలుదేరతాయి. ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సముద్రానికి వెళ్లడమంటే కళింగపట్నమో, బారువో, చింతపల్లో వెళ్లడమే. తెల్లవారకముందే లేచి కలిపిన పులిహోర, పెరుగన్నం క్యారియర్లలో సర్దుకుని, ఒడ్డున దుప్పటి పరచుకుని తిని, సాయంత్రానికి ఇసుక దులుపుకుని ఇంటికి చేరేవాళ్లం. ఇప్పటికీ అలా వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న కుటుంబాలు భీమిలి, రుషికొండ దారిలోని రిసార్టుల వైపు, ఇంకొందరు గోవా వైపు చూస్తున్నారు. అక్కడ 'అన్నీ కలిపి' ఒకే ధర. గది, మూడు పూటల బఫే, సాయంత్రం టీ, ఫలహారం అన్నీ అందులోనే. ఒక్కసారి కట్టేస్తే తిరిగి వచ్చేదాకా జేబులో చెయ్యి పెట్టనక్కర్లేదు.

ఈ ఏర్పాటు మన దేశంలో పుట్టింది కాదు. బెల్జియంకు చెందిన వాటర్‌పోలో క్రీడాకారుడు జెరార్డ్ బ్లిట్జ్ 1950లో స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో, అల్కూడియా అనే చోట గుడారాలు వేయించి 'క్లబ్ మెడ్' ప్రారంభించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నలిగిపోయిన జనానికి ఎండ, సముద్రం, అందరూ కలిసి కూర్చుని తినే బల్లలు. ఉద్దేశం మంచిదే. కాలక్రమంలో ఆ విడుదుల్లో పానీయాలకు డబ్బు బదులు పూసలు చెల్లేవి. మెడలోని పూసలు తీసి ఇస్తే చాలు. డబ్బు కంటికి కనబడకపోతే మనిషికి హాయిగా ఉంటుంది. ఆ హాయిలోనే చిక్కు కూడా ఉంది.

2025 మే నెలలో మా కుటుంబం కూడా అలాంటి చోటికే వెళ్లింది. మొదటి పూట మర్యాదగానే తిన్నాం. రెండో పూటకు లెక్కలు మొదలయ్యాయి. 'ఇంత డబ్బు కట్టాం కదా' అన్న మాట ముందు నా నోటి నుంచే వచ్చింది. ఇడ్లీ ఇంట్లో రోజూ ఉండేదే, ఖరీదైనవి తినండని పిల్లలకు చెప్పింది కూడా నేనే. నా పళ్లెంలో బిరియాని, దాని మీద నూడుల్స్, పక్కన రొయ్యల వేపుడు, వాటి మీదకు ఒరిగిపోయిన కేకు ముక్క. సగం తిన్నాక కడుపు చాలంది. ప్యాకేజీ మాత్రం ఇంకా తినమంది.

బల్ల దగ్గర నిలబడి వడ్డిస్తున్న కుర్రాడికి వంజరం ముక్క చూపించి, "ఇది ఇక్కడి చేపేనా బాబూ?" అని అడిగాను. "కాదు సార్. ఇప్పుడు వేట బందు కదండీ. ఇది ఐసుది. మా సముద్రం చేప తినాలంటే జూన్ పదిహేను దాటాక రండి" అన్నాడు నవ్వుతూ. ఏ ఊరని అడిగితే శ్రీకాకుళం జిల్లాలో ఒక మత్స్యకార గ్రామం పేరు చెప్పాడు. తండ్రి ఇంటి దగ్గరే ఉండి వలలు బాగుచేసుకుంటున్నాడట. తనకేమో సీజను కాబట్టి ఇంటికి వెళ్లడానికి సెలవు దొరకదట. సముద్రానికి సెలవు ఇస్తే తండ్రికి పని ఉండదు, మనకు సెలవు వస్తే కొడుక్కి తీరిక ఉండదు. ఆ మాట అతడు అనలేదు. పళ్లెం ముందు కూర్చున్నాక నాకే తట్టింది. ఆ సగం పళ్లెం అలాగే వదిలేసి లేచానని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవలకు, మోటారు పడవలకు వేట నిషేధం. 2015కు ముందు ఇది 47 రోజులే. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ విరామం. భూమికి ఏడో ఏట విశ్రాంతి ఇవ్వాలన్న లేవీయకాండము 25వ అధ్యాయం తెలిసిన మనకు సముద్రానికి ఇచ్చే విశ్రాంతి అర్థం కాకపోదు. నియమం మంచిది. అయితే ఆ విశ్రాంతికయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారు? సుమారు 193 కిలోమీటర్ల శ్రీకాకుళం తీరంలో పడవలు ఒడ్డుకు ఎక్కి కూర్చునే ఆ రోజుల్లోనే మనం సముద్రం పక్కన బల్లలు పరిపించుకుంటున్నాం. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే 10,000 రూపాయల సాయాన్ని 2025లో 20,000కు పెంచారు. 61 రోజులకు పంచితే ఇంటిల్లిపాదికీ కలిపి రోజుకు సుమారు 328 రూపాయలు. మేము కట్టిన డబ్బును విడగొట్టి చూస్తే ఒక మనిషి ఒక పూట భోజనమే దానికి మూడింతలు పడింది.

వేట సాగే నెలల్లో మాత్రం అంతా సుఖమా? ఇక్కడ గిట్టుబాటు కాక గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి పరాయి పడవల మీద పనిచేసేవాళ్లు మన జిల్లాల్లో ఎందరో. 2018 నవంబరులో అలా వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు పట్టుబడిన ఆంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి తిరిగి వచ్చారు. ఆ సంఘటన ఆధారంగా 2025లో వచ్చిన 'తండేల్' సినిమా చూసి మనలో చాలామంది కంటతడి పెట్టుకున్నాం. తెర మీద చూసినప్పుడు వచ్చిన కన్నీళ్లు పళ్లెంలో చేప ముక్కను చూసినప్పుడు రావు. అదీ మన సంగతి.

పరిశుద్ధ గ్రంథంలో కూడా సముద్రపు ఒడ్డున ఒక భోజనం ఉంది. యోహాను సువార్త 21వ అధ్యాయం. పునరుత్థానుడైన యేసు ప్రభువు తిబెరియ సముద్ర తీరాన నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి నిలబడ్డాడు. రాత్రంతా వల వేసి ఒక్క చేప కూడా పడక అలసిపోయిన ఏడుగురు శిష్యులు ఒడ్డుకు వస్తున్నారు. ఉత్త వలతో తెల్లవారడమంటే ఏమిటో మన తీరంలో ఎవర్ని అడిగినా చెబుతారు. ఆయన మాట మీద కుడిపక్కన వేసిన వలలో 153 పెద్ద చేపలు పడ్డాయి. ఇక్కడ ఒక చిన్న విషయాన్ని మనం తరచుగా దాటేస్తాం. ఆయన దగ్గర చేప అప్పటికే నిప్పుల మీద ఉంది. అయినా వాళ్లు పట్టిన చేపల్లో కొన్ని తెమ్మన్నాడు. వాళ్ల కష్టం కూడా ఆ బల్ల మీద ఉండాలని ఆయన కోరిక కాబోలు. ఆ భోజనానికి వచ్చినవాళ్లెవరికీ అది ఎవరు పట్టిన చేపో తెలియకుండా లేదు. ఎన్ని చేపలో కూడా లెక్క ఉంది. వల కూడా చినగలేదని యోహాను జ్ఞాపకం పెట్టుకుని మరీ రాశాడు. వల చినగలేదంటే ఎంత ఊరటో జాలరి ఇంట్లోవాళ్లకే తెలుసు.

వండినవాడే వడ్డించాడు. సర్వలోకానికీ ప్రభువైనవాడు పొగ మధ్య కూర్చుని, రొట్టె తీసి వాళ్ల చేతికిచ్చాడు. మనం పేరు కూడా అడగకుండా ప్లేటు చాపే ఆ కుర్రాడి స్థానంలో ఆయన నిలబడ్డాడు. ఇక భోజనం అయిన తర్వాత పేతురుతో మాట్లాడిన మాట ఏమిటి? మూడుసార్లూ తన మందను గురించే, గొర్రెపిల్లలను మేపడం గురించే. తాను తిని లేచినవాడికి అప్పగించిన పని ఇతరులకు తిండి పెట్టడం.

అరణ్యంలోనూ ఒక సముద్రపు విందు జరిగింది. సంఖ్యాకాండము 11లో గాలి సముద్రం వైపు నుంచి పూరేళ్లను తెచ్చి పాళెం చుట్టూ పడేసింది. జనం రెండు పగళ్లు, ఒక రాత్రి నిద్ర మాని పోగు చేశారు. అందరికంటే తక్కువ కూర్చినవాడి దగ్గర కూడా గుట్టలే. ఆ స్థలానికి చివరికి ఆశకు సంబంధించిన సమాధులని పేరు మిగిలింది. ఇంతకంటే వివరించడం అనవసరం. బఫే ముందు నిలబడినప్పుడు నాలో కదిలింది ఆ పోగుచేసే ఆత్రమే.

అయితే ఏడాదికోసారి పిల్లలతో సముద్రానికి వెళ్లి కడుపునిండా తినడం కూడా తప్పేనా అని ఎవరైనా అడగవచ్చు. తప్పు కాదు. మన ప్రభువును తిండిపోతు అని నిందించారంటేనే ఆయన విందులకు వెళ్లేవాడని అర్థం. కానాలో పెళ్లివారి ద్రాక్షారసం అయిపోతే ఉపదేశం చేయలేదు, ఆరు రాతి బానలు నింపించాడు. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఏడుస్తున్న ప్రజలను ఊరుకోబెట్టి, కొవ్విన మాంసం తినండి, తియ్యనిది తాగండి అని పంపించారు. ఆ మాటకు వెంటనే ఇంకొక మాట అతికి ఉంది. తమ కోసం ఏమీ సిద్ధం చేసుకోలేనివారికి వంతులు పంపించమని. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మనం మొదటి సగాన్ని ప్యాకేజీలో కొనుక్కుంటున్నాం, రెండో సగానికి అందులో చోటు లేదు. ముందే అంతా చెల్లించేశాం కాబట్టి వడ్డించిన చేతికి పది రూపాయలు ఇవ్వడం కూడా గుర్తు రాదు.

వృథా సంగతి చూద్దాం. బఫేలో ఏ గిన్నె ఖాళీగా కనబడకూడదు, కనబడితే అతిథులు గొణుగుతారు. అందుకని భోజనాల వేళ ముగియబోతున్నా గిన్నెలు నింపుతూనే ఉంటారు. గంటల తరబడి బయట ఉన్న వంటకాన్ని మళ్లీ వడ్డించడం క్షేమం కాదు కాబట్టి పారేయక తప్పదు. మన పళ్లేల్లో మిగిలింది ఎలాగూ చెత్తబుట్టకే. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో లోకం పారేసిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు. అందులో దాదాపు 29 కోట్ల టన్నులు హోటళ్లు, క్యాంటీన్ల వంటి భోజనశాలల వాటా. ఇళ్లలో పారేసేది దానికి రెట్టింపు పైనే, కనుక రిసార్టును మాత్రమే నిందించి తప్పించుకోలేం.

యోహాను 6లో అయిదు యవల రొట్టెలు, రెండు చేపలు పంచినప్పుడు కూడా హద్దు పెట్టలేదు. ఎవరికి కావలసినంత వారు తిన్నారు. అదీ ఒక విధంగా 'అన్నీ కలిపి' విందే. కాని చివర్లో ముక్కలు పోగు చేయించాడు, పన్నెండు గంపలు నిండాయి. కావాలంటే మళ్లీ క్షణంలో రొట్టెలు పుట్టించగలవాడు గడ్డి మీద పడిన ముక్కలు ఏరించడం ఎందుకో ఎప్పుడైనా ఆలోచించామా?

రిసార్టు దాకా ఎందుకు, మన ప్రేమవిందుల సంగతే చూద్దాం. ఒకప్పుడు చాపలు పరిచి, విస్తళ్లు వేసి, బంతులు తీర్చి పెట్టేవాళ్లం. వడ్డించే అన్నయ్య "ఇంకాస్త వెయ్యమంటారా?" అని అడిగేవాడు. చేయి అడ్డం పెడితే ఆగేవాడు. ఆ అడగడంలోనే ఒక కొలత ఉండేది, ఒక పలకరింపు ఉండేది. ఇప్పుడు మన క్రిస్మస్, ఈస్టరు విందులకు కూడా బఫే బల్లలే. ముందు వరుసలో నిలబడ్డవారి ప్లేట్లు పొర్లిపోతాయి. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర ఉన్న అక్కలు, క్వయిర్‌లో పాడి ఆలస్యంగా వచ్చిన పిల్లలు, తోసుకుని ముందుకు రాలేని వృద్ధ విధవరాళ్లు చేరేసరికి అన్నం, సాంబారు మిగులుతాయి. మాంసం ముక్కలు చెత్త డ్రమ్ములో కనబడతాయి. కొరింథు సంఘంలో జరిగింది అచ్చంగా ఇదే. ఒకడు ఆకలితో, మరొకడు మత్తులో. ఒకరికోసం ఒకరు కనిపెట్టుకోమని పౌలు రాసింది (1 కొరింథీ 11) ప్రభువు బల్లను గురించి చెబుతూనే. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆదివారం ఎంత భయభక్తులతో ఉంటామో, అదే హాలులో గంట తర్వాత జరిగే భోజనంలో దానిలో పదోవంతు ఉంటే చాలు. గుప్పెడు బియ్యం పక్కన పెట్టి ఆదివారం కానుకగా తెచ్చిన తల్లులు మన సంఘాల్లో ఉన్నారు. అన్నం వండే ప్రతిసారీ ఇంకొకరి వంతు గుర్తు చేసుకోవడం వాళ్లకు అలవాటు.

ఈ మాటలన్నీ ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. మా సంఘ యవ్వనస్థుల వేసవి రిట్రీటును ఈసారి సముద్రతీరంలోని ఒక రిసార్టులో పెట్టాలన్న ఆలోచన వచ్చింది. రెండు రోజులు, మూడు పూటల బఫే, ఒకే ధర. కమిటీలో ఒక ప్రతిపాదన పెట్టాను. బఫే వద్దు, అన్నం, పప్పు, ఒక కూర, ఒక వేపుడు బంతి భోజనంగా పెట్టించమని అడుగుదాం. తగ్గిన డబ్బుతో వేట లేని ఏదైనా ఒక మత్స్యకార పల్లెలో పిల్లలకు బడి తెరిచేలోగా నోటు పుస్తకాలు కొందాం. వడ్డించే కుర్రాళ్ల పేర్లు తెలుసుకుందాం, వెళ్లేటప్పుడు వాళ్ల చేతిలో ఎంతో కొంత పెడదాం. ఒక పెద్దాయన వెంటనే ఒప్పుకున్నారు. ఒక యవ్వనస్థుడు మాత్రం లేచి, "పళ్లెంలో ఎంత పెట్టుకోవాలో కూడా కమిటీయే చెబుతుందా అంకుల్?" అని అడిగాడు. అడగదగిన ప్రశ్నే. నా సగం పళ్లెం సంగతి అతనికి అప్పుడు చెప్పలేకపోయాను. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మళ్లీ కూర్చుంటున్నాం. రిసార్టుకు అడ్వాన్సు ఇంకా కట్టలేదు.