ఇంట్లో పెద్దలకు టీబీ తేలిందా? పిల్లలను ఈ వారమే చూపించండి!

సూరత్ తెలుగు అన్నలారా, అక్కలారా, సాంచల (మరమగ్గాల) మీద పనిచేసే తమ్ముళ్లారా!

కరీంనగర్ నుంచి, వరంగల్ నుంచి, నల్లగొండ నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లం. లింబాయత్‌లో, ఉధ్నాలో, పర్వత్ పాటియాలో ఒక్కో గదిలో ఐదారుగురం సర్దుకుని పడుకుంటున్నాం. ఇంటి పెద్దకు టీబీ అని తేలితే ఆయన మందులు, ఆయన తిండి, ఆగిపోయిన ఆయన కూలి చుట్టూ ఇల్లంతా తిరుగుతుంది. ఆయన పక్కలో పడుకునే మూడేళ్ల పిల్ల సంగతి ఎవరికీ గుర్తురాదు. ఆ పిల్లకు దగ్గు లేదు కదా అనుకుంటాం.

ఈ కరపత్రం ఆ పిల్ల కోసమే.

టీబీ గాలి ద్వారా అంటుకుంటుంది. కంచం, గ్లాసు వేరు పెడితే ఆగదు. ఇంట్లో కూర్చుని చీరలకు స్టోన్లు అతికించే తల్లికి జబ్బుంటే, కిటికీ మూసిన ఆ గదిలో పక్కనే ఆడుకునే బిడ్డ పొద్దంతా అదే గాలి పీలుస్తుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఈ క్రిమి ఏళ్ల తరబడి అణిగి ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లల్లో మాత్రం చాలాసార్లు ఏడాది తిరగకుండానే జబ్బుగా మారుతుంది. పసిపిల్లల్లో మెదడు పొరలకు పాకితే ప్రాణాలే పోతాయి. బతికినా కొందరికి చూపో, వినికిడో దెబ్బతింటుంది. పుట్టగానే వేసిన బీసీజీ టీకా ఇలాంటి తీవ్రమైన జబ్బు నుంచి చాలావరకు కాపాడుతుంది, కానీ టీబీ రానే రాదన్న పూచీ లేదు.

పిల్లల టీబీని పట్టుకోవడం కష్టం. చిన్నపిల్లలు కళ్లె ఉమ్మలేరు. అందుకే తల్లి కన్నే మొదటి పరీక్ష. మొలతాడు వదులైందా? మమతా కార్డులో బరువు నెలల తరబడి పెరగలేదా? మెడ పక్కన వేలికి గడ్డ తగులుతోందా? రెండు వారాలు దాటినా జ్వరమో దగ్గో తగ్గడం లేదా? గల్లీలో ఉరికే పిల్లవాడు గడపలోనే కూలబడుతున్నాడా? మెడికల్ షాపులో సిరప్పు కొని ఊరుకోకండి.

ఇంట్లో ఒకరికి టీబీ ఉంటే, ఇవేవీ లేకపోయినా పిల్లలను ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముందు జబ్బు ఉందో లేదో డాక్టరు చూస్తారు. ఉంటే పూర్తి చికిత్స ఉచితం. లేదని తేలితే, రాకుండా ఉండేందుకు నివారణ మందు ఇస్తారు. ఐదేళ్లలోపు పిల్లలకు సాధారణంగా ఆరు నెలలు, రోజూ. 2021 నుంచి ఐదేళ్లు దాటిన పిల్లలకూ, ఇంట్లోని పెద్దలకూ తగిన పరీక్షలు చేసి ఈ మందు ఇస్తున్నారు. బాగున్న బిడ్డకు మందెందుకని అత్తగారు అడుగుతుంది, పక్కింటివాళ్లు అడుగుతారు. ఆ మాటలకు లొంగి నెలకే ఆపేసిన ఇళ్లు మన బస్తీల్లో ఉన్నాయి. దయచేసి ఆపకండి. వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా మాత్రం మందు ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి పోండి.

ఒంట్లో బాగాలేకపోతే మనం రైలెక్కి ఊరికి పోతాం. పోండి, తప్పులేదు. కానీ పోయేముందు ఆసుపత్రిలో చెప్పండి. టీబీ చికిత్సకు పేరు రాసుకున్నప్పుడు ఇచ్చే మీ నిక్షయ్ నంబరుతో సిరిసిల్లలోనైనా, జనగామలోనైనా మందులు అందుతాయి. పిల్లలు సూరత్‌లోనే ఉంటే వాళ్ల మందు ఎవరు మింగిస్తారో ముందే తేల్చుకోండి. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకునేవాళ్లకూ ఈ నంబరు ఉంటుంది, అడిగి తీసుకోండి. జబ్బు ఉన్నవారికి తిండి కోసం ప్రభుత్వం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది. పిల్లలకు జబ్బు తేలితే వాళ్లకూ వస్తుంది.

టీబీ అని ఆసుపత్రిలో ఆడపిల్ల పేరు రాయిస్తే రేపు పెళ్లి కాదని దాచేవాళ్లకు ఒక్క మాట. ముందు పిల్ల బతకాలి. కులసంఘం పెద్దలారా, ఈ మాట మీ నోట వస్తే పది ఇళ్లు వింటాయి. తెలుగు మీడియం మున్సిపల్ బడుల టీచర్లూ, తరగతిలో చిక్కిపోతున్న పిల్లలను గమనించి కబురు పెట్టండి. సాంచల సేఠ్‌లూ, బిడ్డను చూపించడానికి ఒక పూట సెలవడిగితే కూలి కోయకండి.

దగ్గరలోని మున్సిపల్ అర్బన్ హెల్త్ సెంటరుకు పోండి. పెద్ద పరీక్షలకు స్మీమేర్, న్యూ సివిల్ ఆసుపత్రులు ఉన్నాయి. ఇంట్లో టీబీ ఉన్నవారి కాగితాలు, పిల్లల మమతా కార్డు వెంట తీసుకెళ్లండి. దారి తెలియకపోతే 1800-11-6666కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. చదివాక ఈ కాగితాన్ని టీబీ మందు వాడుతున్నవారున్న ఇంటికి అందించండి.