చెట్టుమీది అతిథి

మా పాఠశాలలో తొమ్మిదవ తరగతివారికి వారమునకొక గంట గ్రంథాలయ పఠనమునకై కేటాయింపబడియున్నది. ఆ గంటలో చదివిన పుస్తకమును గూర్చి ప్రతి విద్యార్థియు తన నోటుపుస్తకములో ఒక పుట వ్రాసి మాకు చూపవలయును. ఈ పుటలను దిద్దుట సాధారణముగా కష్టమైన పని కాదు. కథాసంగ్రహము, అందలి నీతి, తుదకు పుస్తకము మిగుల నచ్చినదను ఒక వాక్యము, ఇంతియే యుండును. ఈ సంవత్సరము ఒక బాలిక వ్రాసిన పుట మాత్రము మా చేతిలోని ఎఱ్ఱసిరా కలమును ఆపినది. దానిని గూర్చి తల్లిదండ్రులకును విద్యార్థులకును నాలుగు మాటలు చెప్పుట మా విధియని తలంచుచున్నాము.

ఆ బాలిక చదివిన పుస్తకము ‘రైలుబడి’. జపాను దేశమున ప్రసిద్ధ నటియు, టెలివిజన్ కార్యక్రమ నిర్వాహకురాలును అగు టెట్సుకో కురొయనాగి తన బాల్యమును గూర్చి వ్రాసి 1981లో ప్రకటించిన గ్రంథమునకు ఇది తెలుగు రూపము. చదువుటకు నవలవలె నుండును గాని అందలి సంగతులు జరిగినవే. అల్లరిపిల్లయని మొదటి తరగతిలోనే ఒక బడినుండి పంపివేయబడిన టోటోచాన్‌ను ఆమె తల్లి టోక్యో నగరములోని టోమోయె అను మరియొక బడికి తోడ్కొనిపోయెను. అచ్చట పాత రైలుపెట్టెలే తరగతి గదులు. ఆ బడిని 1937లో స్థాపించిన కొబయాషిగారు తొలిదినముననే ఆ చిన్నపిల్ల చెప్పిన కబుర్లన్నిటిని నాలుగు గంటలసేపు విసుగులేక వినిరి. ఆ బడి 1945లో యుద్ధకాలపు బాంబుదాడిలో కాలిపోయినది. పుస్తకము మాత్రము లోకమంతట చదువబడుచున్నది.

టోమోయె బాలబాలికలలో ఒక ముచ్చటైన ఆచారముండెను. ఒక్కొక్కరు ఒక్కొక్క చెట్టును తమదిగా నెంచుకొందురు. ఇతరులు ఆ చెట్టెక్కవలెనన్న ముందుగా అనుమతి నడుగవలయును. యసువాకి అను బాలునికి మాత్రము చెట్టు లేదు. పోలియో వ్యాధివలన అతని కాళ్లును చేతులును స్వాధీనమున లేవు. వేసవి సెలవులలో నొకనాడు టోటోచాన్ అతనిని తన చెట్టునకు ఆహ్వానించినది. నిచ్చెన తెచ్చినది, అది అక్కఱకు రాకపోగా మరియొక రకపు నిచ్చెన నీడ్చుకొని వచ్చినది. ఎండలో ఇరువురును చెమటలు గ్రక్కుచు పాటుపడి తుదకు కొమ్మల నడుమకు చేరిరి. అప్పుడామె ఇంటి యజమానురాలివలె అతనికి స్వాగతము చెప్పినది. యసువాకి చెట్టెక్కుట అదియే మొదలు, అదియే తుద. అతడు చిన్నతనముననే మరణించెను.

ఈ ఘట్టమును గూర్చి విద్యార్థులేమి వ్రాయుదురో మాకు ముందే తెలియును. దీనులయందు దయ చూపవలెనని వ్రాయుదురు. మేము ‘బాగు’ అని గుర్తు పెట్టుదుము. ఈ బాలిక అట్లు వ్రాయలేదు. టోటోచాన్‌కు అతనిపై జాలి కలుగలేదనియు, జాలియే యైనచో చెట్టుక్రింద అతని ప్రక్కను కూర్చుండి కబుర్లు చెప్పియుండెడిదనియు వ్రాసినది. తన చెట్టుపైనుండి తనకేమి కనబడుచున్నదో అది తన స్నేహితునికిని కనబడవలెనని ఆమె కోరినదట. ఆ క్రిందనే మరి మూడు వాక్యములు గలవు. మా తరగతిలో కాలు వంకరగానున్న బాలుడొకడు గలడు. ఆటల గంటలో అందఱి చెప్పులకును, నీళ్లసీసాలకును అతనిని కాపలా యుంచితిమి. అందఱమును అతనితో మంచిగానే యుందుము గాని ఒక్కరమును మా చెట్టునకు పిలువలేదు.

ఆ యేర్పాటు పిల్లలు చేసినది కాదు, మేము చేసినది. ఈ సంగతిని ఆ బాలుని సమ్మతితోనే ఇక్కడ వ్రాయుచున్నాము. అతడు ఆఱవ తరగతిలో చేరినప్పుడు, ‘పడి దెబ్బ తగిలించుకొనును, కనిపెట్టియుండండి’ అని తండ్రిగారు మా చేతులు పట్టుకొని చెప్పిరి. మేము కనిపెట్టియే యుంటిమి. మూడేండ్లలో అతనికి ఒక్క దెబ్బయు తగులలేదు. ఆ మూడేండ్లలో అతనికి ఏమి కావలెనో ఒక్కసారియైన అడుగలేదని ఈ పుట చదివిన పిమ్మటనే మాకు తోచినది. మన దేశము పోలియోరహితమని 2014లో ధ్రువీకరింపబడినది. అది గొప్ప విజయము. అయినను పుట్టుకవలనను, ప్రమాదములవలనను కాళ్లు లొంగని పిల్లలు ఇప్పటికిని మన బడులలో నున్నారు. వారికి టీకా చేయలేని మేలు తోడి విద్యార్థులు చేయగలరు.

స్నేహమును గూర్చి ఇంత వ్రాసిన బాలిక కుటుంబమును గూర్చియు ఒక ప్రశ్న వేసినది. ఆనాడు టోటోచాన్ చెట్టుమాట తల్లికి చెప్పలేదు. యసువాకి ఇంటికి పోవుచున్నానని అబద్ధమాడినది. మంచిపని చేయుటకు ఇంటిలో అబద్ధమేల చెప్పవలసివచ్చినదని ఈ బాలిక సందేహము. అబద్ధమును మేము మెచ్చుకొనజాలము. నిచ్చెన జారినచో ఏమయ్యెడిదో ఉపాధ్యాయులకు చెప్పనక్కఱలేదు. కాని పిల్లలు ఏది యడిగినను ముందుగా వద్దను మాటయే వినబడు ఇంటిలో, మంచిపనియు దొంగతనముగనే జరుగును. ఇది బడికిని వర్తించును.

ఆ పుస్తకములో తల్లియు ఒక రహస్యము దాచినది. మొదటి బడినుండి తన్ను వెళ్లగొట్టిరన్న సంగతి టోటోచాన్‌కు ఇరువదేండ్లు నిండువరకు తెలియదు. తల్లి చెప్పలేదు. బడి మారుదమా యని మాత్రమే యడిగినది. దీనిని గూర్చి మా బాలిక వ్రాసినది ఒక్క వాక్యమే: తనకు లెక్కలలో తప్పిన మార్కులు తాను ఇల్లు చేరకముందే వీధి వీధంతయు తెలిసినవట.

ఆ తల్లిని మేము నిందింపము. గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలలో మిరపకోతల కాలమెట్టిదో ఇక్కడివారికి వేఱుగ చెప్పవలయునా? తెల్లవారకముందే అన్నము కట్టుకొని ఆటో యెక్కి పోవుదురు; మునిమాపున మండుచున్న చేతులతో తిరిగివత్తురు. తమ బిడ్డ ఆ మంటలోనికి రాకూడదనియే వారి ఆరాటము. అందువలననే మార్కులు తక్కువైన దినమున వారి నోట అంత కోపము వచ్చును. ఆ కోపములో ప్రేమయున్నదని మేమెఱుగుదుము. కాని పదునాలుగేండ్ల బిడ్డకు వినబడునది కోపము మాత్రమే. బిడ్డ తప్పును బిడ్డకు చెప్పుడు, మాకు చెప్పుడు; వీధికి చెప్పవలదు. మార్కుల పత్రములిచ్చు దినమున అందఱియెదుట అంకెలు చదువు అలవాటును మేమును మానుకొందుము.

ఇక బడిని గూర్చి మా ప్రతిపాదన యొకటి. టోమోయెలో ఎదుగుదల ఆగిపోయిన తకహాషి అను బాలుడుండెను. ఆ బడి ఆటల పండుగలో పొట్టివానికి అనుకూలించు పందెములు గలవు. అన్నిటను అతడే గెలిచెను. అతనికి ధైర్యము కలుగవలెననియే కొబయాషిగారు వానిని కల్పించిరని గ్రంథకర్త్రి తలంపు. బహుమానములు ముల్లంగి, పాలకూర వంటి కూరగాయలు. తాము సంపాదించిన కూరను ఇంటిల్లిపాదియు తినుట గొప్ప కాదా యని ఆయన పిల్లలకు నచ్చజెప్పిరి. మన వార్షికక్రీడలలో ఏటేట పరుగెత్తగల ఆ పదిమందియే స్టీలు గ్లాసులు గెలుచుకొందురు. వచ్చు సంవత్సరము పందెములను నిర్ణయించునప్పుడు, ఇంతవరకు ఒక్క పందెములోను నిలువని విద్యార్థులను ముందుగా పిలిచి, వారి మాట వినవలయునని మా సహోపాధ్యాయులను కోరుచున్నాము.

మార్కు సువార్త రెండవ అధ్యాయములో పక్షవాయువుగల మనుష్యుని నలుగురు మోసికొని వచ్చిన కథ మన పిల్లలందఱకును తెలియును. గుమిగూడిన జనులవలన ద్వారము అందలేదు. వారు తమ స్నేహితుని బయట నీడలో కూర్చుండబెట్టి తాము లోనికి పోలేదు. ఇంటికప్పు విప్పి అతనిని దింపిరి. ఈ కథను మేము ఎన్ని మారులో బోధించితిమి. ఆటల గంటలో చెప్పుల ప్రక్కను కూర్చున్న బాలుడు అప్పుడు మా కంటికి కనబడలేదు.

ఆ పుట చదివిన మఱునాడు అతనిని పిలిచి ఏమి కావలెనని అడిగితిమి. అతడు చాలసేపు నేలచూపు చూచి, ‘ఒక్క ఓవరు వేయనిస్తారా, సార్?’ అనెను. మూడేండ్లు చెప్పులకడ కూర్చుండి చూచినవాడు గనుక ఏ బాలుడు ఏ బంతికి తడబడునో అతనికి బాగుగా తెలియునట. నిలిచినచోటినుండియే బంతి వేసెను. మొదటి ఓవరులో రెండు ఫోర్లు పోయినవి. అతనిపై జాలిచే ఎవ్వరును వికెట్టు పాఱవేయలేదు. అతడు తలగోకికొని, రేపు మరియొక ఓవరు కావలెనని అడిగెను.

చెప్పులు ఇప్పుడు వేపచెట్టు క్రింద వాటంతట అవే యుండుచున్నవి. ఇంతవరకు ఒక్క జతయు పోలేదు.