తాళము వేయుటకు ముందు

హైదరాబాదులోని మధురానగర్, యూసఫ్‌గూడ, కృష్ణానగర్ ప్రాంతములలో, దూరపు షూటింగులకై నెలల తరబడి ఊరు విడుచు చిత్రపరిశ్రమ కార్మికులును, బిడ్డల యొద్ద ఆరుమాసములు గడుపుటకు అమెరికాకు బయలుదేరు వృద్ధదంపతులును, ఇంటికి తాళము వేయునపుడు బీరువాను, గ్యాసుబండను తప్పక పరీక్షింతురే గాని, వంటింటి మూలనున్న ఫ్రిజ్‌ను మాత్రము స్విచ్చి ఆపి, తలుపు మూసి మరచిపోవుట నాకు మిక్కిలి చింత గొలుపుచున్నది. లోపల మిగిలిన తేమకు చీకటియు, కదలని గాలియు తోడైనచో, మన వర్షర్తువున కొలది దినములకే బూజు పుట్టి, తలుపంచునున్న రబ్బరుపట్టీలో నాటుకొని, ఎంత కడిగినను వదలని దుర్గంధమును మిగుల్చును. కావున ప్రయాణమునకు ఒకటి రెండు దినములు ముందుగనే ప్లగ్గు తీసి, మంచు పూర్తిగ కరుగనిచ్చి, వెనుకనున్న నీటిపళ్ళెమును సహితము ఖాళీచేసి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో తుడిచి, ఆరబెట్టి, తలుపును రెండంగుళములు తెరచియుంచి, అంతకు మించి తెరచుకొనకుండ త్రాటితో బిగింపవలయును. ఆ త్రాడు అనావశ్యకమని తలంపరాదు. ఆటలో లోపల దాగిన పసివారికి ఫ్రిజ్ ఊపిరాడని చెరయగును. లోపలినుండి తెరువరాని తలుపుల వలన బిడ్డలు మరణించుటచేతనే 1956లో అమెరికా ప్రత్యేక శాసనమును చేసినది. ఉపయోగింపని యంత్రమును జాగ్రత్తగ నుంచుటయు గృహస్థధర్మమే. తాళము చేతబట్టుటకు ముందు, దయచేసి, ఒక్కపూట దానికై వెచ్చింపుడు.