దురద ఆపే ట్యూబు తామరను పెంచుతోంది: డాక్టరు చీటీ లేకుండా అడగకండి, అమ్మకండి



నేను గోదావరి డెల్టాలో ఒక చిన్న ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. మూడేళ్ళ కిందట, నాట్ల రోజుల్లో, కూలికెళ్ళే కుర్రాడొకడు షాపుకొచ్చాడు. గజ్జల్లో తామర లేచింది, రాత్రిళ్ళు నిద్ర లేదు, "గట్టిది ఏదైనా ఇవ్వండి బాబాయ్" అన్నాడు. ఒక ట్యూబు ఇచ్చాను. రెండు రోజుల్లో దురద పోయిందని సంతోషంగా చెప్పి వెళ్ళాడు. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే ట్యూబు ఇచ్చాను. అలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరికి పెద్దాసుపత్రిలో చర్మ డాక్టరమ్మ చూసేసరికి తొడల లోపలి చర్మం ఉల్లిపొరలా పల్చబడి ఉంది. ఎర్రటి చారలు పడ్డాయి. తామర నడుము చుట్టూ పాకింది. భార్యకూ, ఏడాది నిండిన బిడ్డకూ అంటుకుంది. తామరకు ఆ తర్వాత మందు దొరికింది కానీ ఆ చారలు పూర్తిగా పోయేవి కావు.

ఆ ట్యూబు ఇచ్చిన చెయ్యి నాది. అందుకే ఈ కరపత్రం.

ఆ ట్యూబులో ఏముంది?

తామరకు కారణం పురుగు కాదు, చెడ్డ రక్తం కాదు, వేడి చెయ్యడమూ కాదు. అది బూజు జాతి. మన చర్మం, వెంట్రుకలు, గోళ్ళలో ఉండే కెరాటిన్ అనే పదార్థాన్ని తిని బతుకుతుంది. ఒక చోట మొదలై చుట్టూ పాకుతుంది కాబట్టే మధ్యలో మానినట్టు, అంచు మాత్రం ఎర్రగా పొట్టు రాలుతూ గుండ్రంగా కనిపిస్తుంది.

మరి దురద ఎందుకు? ఒళ్ళు ఆ బూజును గుర్తుపట్టి పోరాడుతోంది కనుక. మనం అమ్మే చాలా కలగలుపు క్రీముల్లో బూజును చంపే మందుతో పాటు స్టెరాయిడ్ కూడా ఉంటుంది. ఆ స్టెరాయిడ్ బూజును ఏమీ చెయ్యదు, ఒంటి పోరాటాన్ని ఆపేస్తుంది. కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేస్తే దొంగ ఇల్లు వదిలిపోతాడా? ఇక్కడ జరిగేదీ అదే. దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది, లోపల బూజు నిశ్చింతగా పెరుగుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి, డాక్టరు కూడా పోల్చుకోలేని రూపానికి వస్తుంది. పూయడం ఆపితే మరింతగా లేస్తుంది. అందుకే మళ్ళీ అదే ట్యూబు కొంటాం.

ట్యూబు మీద చూడండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్ అనే పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడే. ఎగ్జిమా, సోరియాసిస్ వంటి జబ్బుల్లో డాక్టరు చూసి ఇస్తే అది మంచి మందు. తామర మీద సొంతంగా పూస్తే నిప్పు మీద బూడిద కప్పినట్టే. గజ్జల్లో, చంకల్లో, ముఖం మీద, పసిపిల్లల ఒంటి మీద చర్మం పల్చన కాబట్టి అక్కడ హాని ఇంకా ఎక్కువ.

మందుకు లొంగని తామర

మన దేశంలో ఇప్పుడు మామూలు మందులకు లొంగని తామర పాకుతోంది. 2020లో జపాన్ పరిశోధకులు దీనికి కారణమైన బూజును కొత్త జాతిగా గుర్తించి 'ట్రైకోఫైటాన్ ఇండోటినియే' అని పేరు పెట్టారు. ఆ పేరులోనే మన దేశం ఉంది. తామరకు ఎన్నో ఏళ్ళుగా ఆదుకున్న టెర్బినఫైన్ మాత్రకు అది చాలాసార్లు లొంగడం లేదు. 2023లో అమెరికాలోని న్యూయార్క్‌లో కూడా ఇలాంటి కేసులు బయటపడ్డాయి. స్టెరాయిడ్ కలిసిన క్రీముల విచ్చలవిడి వాడకం, సగంలో ఆపేసిన మందులు ఈ పరిస్థితికి దారి వేశాయని చర్మవైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు.

చట్టం ఉంది, అమలు లేదు

డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా షెడ్యూల్ హెచ్. ఒకప్పుడు అందులో పైపూతలకు మినహాయింపు ఉండేది. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలకు ఆ మినహాయింపు తీసేసింది. అదే ఏడాది సెప్టెంబరులో 328 కలగలుపు మందులను నిషేధించింది, వాటిలో చర్మానికి పూసేవీ ఉన్నాయి. కానీ మందుల షాపుల కౌంటర్ల దగ్గర పెద్దగా ఏమీ మారలేదు. అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, ఇచ్చేవాళ్ళు ఇస్తూనే ఉన్నారు.

"నేనివ్వకపోతే పక్క షాపులో కొంటాడు" అంటాం మనం. "డాక్టరు దగ్గరికెళితే ఒక రోజు కూలి పోతుంది" అంటాడు కొనేవాడు. రెండూ నిజమే. అందుకే ఇది ఒక్క షాపు మానేస్తే తీరేది కాదు. అన్ని షాపులూ ఒకేసారి మానాలి, ఊళ్ళోనే మంచి మందు ఉచితంగా దొరకాలి.

ఇంట్లో మనం చెయ్యాల్సింది

• తామర ఒకరికి వచ్చిందంటే ఇంటిల్లిపాదినీ చూపించాలి. తామర ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి మందు మొదలుపెట్టకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

• స్టెరాయిడ్ లేని మందును మచ్చ మీదే కాక చుట్టూ రెండు సెంటీమీటర్లు దాటించి పూయాలి. మచ్చ కనపడకుండా పోయాక కూడా కనీసం రెండు వారాలు కొనసాగించాలి. దురద తగ్గగానే ఆపితే అంచున మిగిలిన బూజు మళ్ళీ పాకుతుంది.

• తువ్వాలు, లుంగీ, లోదుస్తులు, దుప్పటి ఎవరివి వాళ్ళవే. తామర ఉన్నవాళ్ళ బట్టలు విడిగా వేడినీళ్ళలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. వానాకాలంలో ఎండ లేకపోతే పూర్తిగా ఆరాక ఇస్త్రీ చెయ్యాలి.

• తడి మొలతాడు, తాయెత్తు కింద, లంగా నాడా బిగిసే చోట బూజు దాక్కుంటుంది. తగ్గేదాకా మొలతాడు తీసేయండి. బిగుతు జీన్సు, లెగ్గింగ్స్ పక్కన పెట్టి వదులు నూలు బట్టలు కట్టండి.

• పొలం నుంచి వచ్చాక కాలివేళ్ళ సందులు కడిగి, పొడిగా తుడవండి.

• వెల్లుల్లి నూరి పూయకండి, చర్మం కాలి పుండవుతుంది.

• పిల్లల తలలో పొట్టు రాలి, అక్కడక్కడా జుట్టు ఊడుతుంటే పైపూత చాలదు, మాత్రలు కావాలి. గోళ్ళకు పట్టినా ఎక్కువగా అంతే. ఆ మాత్రలు డాక్టరే రాయాలి. గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు, వేరే మందులు వాడేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

• దురదంతా తామర కాదు. రాత్రిపూట ఎక్కువయ్యే దురద, వేళ్ళ సందుల్లో పొక్కులు, ఇంట్లో అందరికీ ఒకేసారి రావడం ఉంటే గజ్జి కావచ్చు. దాని మందు వేరు.

• తామర మాటిమాటికీ తిరగబెడుతుంటే షుగరు పరీక్ష చేయించుకోండి.

ఇప్పటికే నెలల తరబడి స్టెరాయిడ్ ట్యూబు పూస్తున్నవాళ్ళు ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. ఆపగానే దురద, ఎరుపు పెరగొచ్చు. భయపడి మళ్ళీ అదే ట్యూబు పట్టుకోకండి.

మన డిమాండ్లు

1. స్టెరాయిడ్ కలిసిన చర్మపు క్రీములు చీటీ లేకుండా అమ్మకుండా ఔషధ నియంత్రణ అధికారులు షాపుల కొనుగోలు బిల్లులను, అమ్మిన లెక్కలను సరిచూడాలి.

2. ట్యూబు మీద "ఇందులో స్టెరాయిడ్ ఉంది, తామరకు సొంతంగా వాడరాదు" అని పెద్ద తెలుగు అక్షరాల్లో అచ్చు వెయ్యాలి.

3. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, పల్లె, పట్టణ ప్రభుత్వ వైద్యశాలల్లో స్టెరాయిడ్ లేని మందులు, ఇంటిల్లిపాదికీ పూర్తి కోర్సుకు సరిపడా, తొలకరికి ముందే చేర్చాలి.

4. పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే కాసేపట్లో బూజు కనిపిస్తుంది. క్షయ, మలేరియాల కోసం మైక్రోస్కోపు ఉన్న ప్రతి ప్రభుత్వ ల్యాబులో ఈ పరీక్ష చెయ్యాలి.

5. సంక్షేమ హాస్టళ్ళలో ప్రతి పిల్లకూ, పిల్లాడికీ సొంత తువ్వాలు, సొంత దుప్పటి, బట్టలు ఆరేసుకునే ఎండ తగిలే చోటు, నెలకోసారి చర్మ పరీక్ష ఉండాలి.

6. ఆశా కార్యకర్తలకు, ఊళ్ళో ముందుగా చెయ్యి చూసే ఆర్ఎంపీలకు తామర మీద స్టెరాయిడ్ చేసే హాని గురించి నేర్పాలి.

సాటి షాపుల సోదరులారా! మనల్ని బాబాయ్, అన్నా, తమ్ముడూ అని పిలిచి, మనం ఏది చేతిలో పెడితే అది ఒంటికి పూసుకుంటారు వీళ్ళు. ఆ నమ్మకాన్ని నేను ఒక కుర్రాడి విషయంలో పోగొట్టుకున్నాను. అతని సంగతి తెలిసిన రోజు నుంచి చీటీ లేనిదే ఆ ట్యూబు నా షాపులో అమ్మడం లేదు. ఎందుకివ్వవని అడిగినవాళ్ళకు కుర్చీ వేసి, ఈ కాగితంలో ఉన్నదంతా చెబుతున్నాను. కొందరు పక్క షాపుకు వెళ్ళారు. అక్కడ కూడా ఇదే మాట వినపడితే ఆసుపత్రికి వెళతారు. ఆ మాట మీరు చెప్పండి.

ఈ కరపత్రం చదివాక పారేయకండి. గోడకు అంటించండి, పక్కింటి వాళ్ళకు చదివి వినిపించండి, గ్రామసభలో మూడో డిమాండు లేవనెత్తండి.

ఇట్లు,
మీ ఊరి మందుల షాపు ఫార్మసిస్టు