వెల ఘనము, వేగము స్వల్పము

బెల్లపు విపణికి ప్రసిద్ధిగాంచిన అనకాపల్లిలో సరకు నెఱుగక బేరమాడువారు అరుదు. దిమ్మ రంగు చూతురు, చిదిపి చూతురు, నాలుకపై వేసికొని చూతురు. అటుపిమ్మటనే ధర పలుకుదురు. ఇట్టి వివేకమునకు బేరుగన్న పట్టణమున సయితము, వేలకు వేలు పోసి డెస్క్‌టాప్ కంప్యూటరును గొనునప్పుడు ఈ పరీక్ష జరుగుట లేదు. ప్రాసెసరు పేరు విందురు. తెర వెడల్పు చూతురు. నిలువసామర్థ్యము ఒక టెరాబైటని విని సంతసింతురు. ఆ నిలువసాధనము ఎట్టిది, దాని వేగమెంత యని యడుగువారు కొలదిమంది. అడుగకుండ జెప్పు వర్తకులు అంతకంటె కొలదిమంది. యంత్రమును ఇంటికి గొనిపోయి మీట నొక్కిన పిమ్మట గాని ఆశాభంగము దెలియదు.

ఈ మాంద్యమునకు గారణము గూఢమైనది కాదు. హార్డుడిస్కు అనునది అయస్కాంతలేపనము గల పళ్లెరము. 1956లో ఐ.బి.ఎం. సంస్థ దీనిని తొలిసారి వెలువరించిన నాటినుండి మూలసూత్రము మాఱలేదు: పళ్లెరము తిరుగవలెను, దానిపై సూక్ష్మమైన శిరస్సు కదలి కోరినచోటికి జేరవలెను, కోరిన యక్షరము తన క్రిందికి వచ్చువఱకు వేచియుండవలెను. నిమిషమునకు 5400 మార్లు తిరుగు డిస్కున ఒక్క భ్రమణమునకే 11 మిల్లీసెకండులు పట్టును. అన్నియు గలసి ఒక్కొక్క తునుకను దెచ్చుటకు సుమారు 15 మిల్లీసెకండు లగును. ఎస్.ఎస్.డి. యను సాధనమున దిరుగునదియు గదలునదియు లేదు. అదే పని మిల్లీసెకండులో పదియవ వంతున ముగియును. కంప్యూటరు మేల్కొనునప్పుడు చెదరియున్న వేలకొలది తునుకలను జదువవలసియుండును గనుక, ఈ స్వల్పభేదమే నిమిషముల నిరీక్షణముగా బెరుగుచున్నది.

మన చెఱకురైతునకు దీనిని వివరింప బనిలేదు. పెనము లెంత పెద్దవైనను, మంట యెంత ప్రబలమైనను, గానుగ యాడిన మేరకే రసము. రసము వచ్చిన మేరకే బెల్లము. సెకండునకు 300 కోట్ల స్పందనలు గల ప్రాసెసరు, ఆ 15 మిల్లీసెకండులలో నాలుగుకోట్లకు బైగా స్పందనలను ఒక్క తునుక కొఱకు కాచుకొని గడుపును. కొన్నవాడు గొప్ప పెనమునకు సొమ్ము చెల్లించెను. అమ్మినవాడు ముసలి గానుగ నంటగట్టెను.

చవుక యంత్రమున నీ లోపమున్న సరిపెట్టుకొనవచ్చును. ఖరీదైన యంత్రమున నుండుటయే మా యాక్షేపణ. ఆపిల్ సంస్థ 2019లో 1,299 డాలర్ల వెలకు విడుదల చేసిన 21.5 అంగుళముల ఐమాక్‌లో, చూడముచ్చటైన 4కె తెర వెనుక నుంచినది 5400 భ్రమణముల డిస్కే. డిస్కునకు ఎస్.ఎస్.డి.ని జోడించిన ఫ్యూజన్ డ్రైవులో సయితము, 2012లో 128 గిగాబైట్లుగా నుండిన వేగభాగమును 2015లో ఒక టెరాబైటు రకమున 24కు దగ్గించిరి. పేరు మాత్రము మార్చలేదు. 2020 ఆగస్టులో గాని ఆ శ్రేణి యంతటికి ఎస్.ఎస్.డి. సామాన్యలక్షణము కాలేదు. అంతకుముందు కొన్నవారు డిస్కును మార్పించుకొనదలచినచో, జిగురుతో నంటించిన తెరను ఊడదీయవలసి వచ్చెను.

హార్డుడిస్కును మేము నిందించుట లేదు. ఛాయాచిత్రములు, చలనచిత్రములు, పాతలెక్కలు మొదలగు విస్తారమైన సామగ్రిని తక్కువ వ్యయమున దాచుటకు అది నేటికిని దగినదే. కొట్టుగదిగా నుండవలసినదానిని వంటయింటి యలమారగా నమ్ముటయే తప్పు. ఎస్.ఎస్.డి. వెల యెక్కువ యను వర్తకుల సమాధానము కొంత నిజము. అయినను నిత్యోపయోగమునకు 256 గిగాబైట్ల చిన్నదానిని బెట్టి, దాపునకు డిస్కును జోడించుట కేమి యడ్డము?

2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము, సరకు నాణ్యతను, పరిమాణమును, సామర్థ్యమును, ప్రమాణమును, వెలను ఎఱుగు హక్కును కొనువాని కిచ్చినది. పెట్టెపై ఒక టెరాబైటని వ్రాసిన పరిమాణము దెలియును గాని ప్రమాణము దెలియదు. వ్రాయు వేగమును దగ్గించు ఎస్.ఎం.ఆర్. పద్ధతిని వెస్టర్న్ డిజిటల్ మొదలగు తయారీదారులు కొన్ని డిస్కులలో ముందుగా దెలుపక వాడినట్లు 2020లో బయలుపడినది. ఇట్టి మౌనము వర్తకధర్మము కాదు.

2022 ఏప్రిలులో అనకాపల్లి జిల్లాకేంద్రమైనది. కార్యాలయములకును పాఠశాలలకును గొను యంత్రములు ప్రజాధనముతో వచ్చునవి. మందమైన యంత్రము ముందు గుమాస్తా చేతులు కట్టుకొని కూర్చుండినచో, నష్టపోవునది కిటికీ కీవల నిలిచిన కూలివాని దినవేతనము. కావున అధికారులు టెండరు ప్రకటనలలో ప్రాసెసరు పేరుతోపాటు నిలువసాధనపు రకమును, వేగమును స్పష్టముగా వ్రాయవలెను. వర్తకులు అదే సంగతిని ధరపట్టికలో బ్రకటింపవలెను. కొనువారు సొమ్ము చెల్లింపకముందే, తమ యెదుట యంత్రమును తెఱిపించి, అది పనికి సిద్ధమగు కాలమును గడియారమున జూచుకొనవలెను. బెల్లమును చిదిపి చూచు వివేకము మనకు గలదు. దానిని కంప్యూటరు దుకాణమునకును గొనిపోయిన నాడు, వెలకు దగిన వేగము దానంతట నదియే వచ్చును.